ముందుకే పడే మనిషి

నా ప్రోగ్రాంలో తప్పు లేదని మూడు కాయితాల మీద సంతకం పెట్టాను. ఆ మూడు కాయితాలకీ కారణమైన మనిషి మూడు సార్లూ పడవ మీంచి సముద్రంలో పడ్డాడు.

మొదటి కాయితంలో ‘వాడినవారు సూచనలు పాటించలేదు’ అని రాశాను. రెండోదాంట్లో అదే మాట కాస్త మర్యాదగా రాశాను. మూడోసారికి విసుగొచ్చి, రెండో కాయితానికే తేదీ మార్చి పంపేశాను. నేను పొగరుబోతునని మా ల్యాబులో అందరికీ తెలుసు. పని వచ్చిన మనిషికి కాస్త పొగరు ఉన్నా చెల్లుతుందని నా నమ్మకం. ఇప్పటికీ నా నమ్మకం అదే. కాకపోతే ఆ మూడో కాయితం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

నా పేరు త్రిపురసుందరి. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ల్యాబులో ‘నిలకడ’ అనే పరికరానికి ప్రోగ్రాం రాసింది నేనే. మన చెవి లోపల, మనకి తెలియకుండానే మనల్ని నిలబెట్టే చిన్న అవయవం ఒకటి ఉంటుంది. కింద ఎటో, పైన ఎటో మెదడుకి చెప్పేది అదే. సూరాడ దానయ్యకి అది పాడైపోయింది. రెండేళ్ళ కిందట కాలికి చీము పట్టి జ్వరం వస్తే బలమైన ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రాణం దక్కింది, కానీ నిలబడే శక్తి పోయింది. కళ్ళు మూసుకుంటే పడిపోయేవాడు. తల తిప్పితే ఎదురుగా ఉన్న గోడ గంతులేసేది. మంచం మీంచి గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్ళేవాడు.

ఇదంతా ఎవరికి జరిగినా కష్టమే. దానయ్యకి మరీ కష్టం. ముత్యాలరేవులో ఆయన పని వల లాగడం కాదు. పడవ ముక్కు మీద, దేన్నీ పట్టుకోకుండా నిలబడి, నీళ్ళ రంగు చూసి చేపల గుంపు ఎక్కడుందో చెప్పడం. కూర్చుని చూస్తే నీటి మీద వెలుగు తప్ప ఏమీ కనిపించదు. ఎత్తు కావాలి. ముప్పై ఏళ్ళు ఆ పడవ ఆయన చెప్పిన వైపే తిరిగింది.

మా డాక్టర్ సన్యాసిరావుగారు ఆయన రెండు చెవుల వెనకా రూపాయి బిళ్ళంత పరికరాలు అమర్చారు. నడుముకి కట్టుకునే చిన్న పెట్టెలో నా ప్రోగ్రాం ఉంటుంది. రాత్రి తీసి ఛార్జింగుకి పెట్టాలి, పొద్దున్న కట్టుకుని స్విచ్చి వెయ్యాలి. మొదటిసారి స్విచ్చి వేసినరోజు నాకు బాగా గుర్తు. ల్యాబులో ఊగే బల్ల ఒకటుంది, పడవ ఊగినట్టే ఊగుతుంది. దాని మీద నిలబెట్టి, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని, నేను స్విచ్చి వేశాను. దానయ్య చేతులు విదిలించుకుని నవ్వాడు.

“నేల ఒచ్చీసిందమ్మా!” అన్నాడు. బల్ల ఎంత ఊపినా తొణకలేదు.

అలాంటి పరికరాలు పదమూడు అమర్చాం. పన్నెండు మంది హాయిగా తిరుగుతున్నారు. దానయ్య ఒక్కడే పడుతున్నాడు, అదీ సముద్రంలోనే. మూడోసారి పడ్డప్పుడు, ఆయన్ని పట్టుకోవడానికి బావమరిది పోలయ్య దూకాడు. పడవ అంచు తగిలి పోలయ్య భుజం ఎముక విరిగింది.

ఆ వారంలోనే డాక్టరుగారు నన్ను గదికి పిలిచారు.

“ఈసారి కూడా ఆయనదే తప్పంటావా త్రిపురా?”

“మరేమిటి సార్? పెట్టెలో నమోదైన అంకెలన్నీ చూశాను. కింద ఎటో కొలిచే భాగం, స్విచ్చి వేసిన నిమిషం లోపే సరైన అంకె పట్టేసింది. ఆ తర్వాత ఒక్క పిసరు కూడా తప్పలేదు.”

“అయితే సముద్రానికి పనికిరాదని రాసి, ఆయనకి తీసేద్దాం. ఇంకోసారి పడితే ప్రయోగం మొత్తం ఆపేస్తామంటోంది అనుమతులిచ్చే కమిటీ. ఈ పరికరం కోసం నాలుగు వందల మంది ఎదురుచూస్తున్నారు.”

గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద దానయ్య భార్య ఎర్రమ్మ కూర్చుని ఉందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ లేచి నేరుగా లోపలికొచ్చింది.

“తీసెయ్యండి బాబూ, మీ ఇష్టం. గానీ ఒక్క మాట సెప్పండి. మావోడి పళ్ళు సూసినారేటి మీరెవరైనా?”

మేం చూడలేదు.

“ముందు పళ్ళు రెండు నేవు. మొదటిపాలి పడినప్పుడొకటి, రెండోపాలి ఒకటి. మూడుసార్లూ మూతి మీదే పడ్డాడు. అల పక్కనించి కొడితే మనిసి పక్కకి కదా పడాల? తాగినోడైనా పక్కకే పడతాడు. మావోడు ముందుకే ఎందుకు పడతన్నాడు? సదువుకున్నోళ్ళు గదా, అది సెప్పండి.”

డాక్టరుగారు నా వైపు చూశారు. మూడు కాయితాలు రాసిన మనిషిని నేను, పడినవాడు ఎటు పడ్డాడని ఒక్కసారి కూడా అడగలేదు. నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

“రేపు పొద్దున్న మీ ఊరొస్తానమ్మా,” అన్నాను.

*

ముత్యాలరేవు చేరేసరికి తెల్లవారుతోంది. ఇసుక మీద పడవలు వరసగా ఉన్నాయి. మగవాళ్ళు వలలు సర్దుకుంటున్నారు. దానయ్యని ఇప్పుడు ఎవరూ వేటకి రమ్మనడం లేదు. తల తిరిగేవాడి కళ్ళని ఏం నమ్ముతామని ఆయన ఎదుటే అంటున్నారట. ఆయన నా ముందు ఆ మాట ఎత్తలేదు, ఎర్రమ్మే చెప్పింది.

“దానయ్య గారూ, వేటకి వెళ్ళే రోజు లేచిందగ్గర్నుంచి ఏమేం చేస్తారో అన్నీ చేసి చూపించండి. చిన్నదే కదా అని ఏదీ వదిలెయ్యకండి,” అన్నాను.

ఆయన మళ్ళీ ఇంటికెళ్ళి మొదటినుంచీ మొదలుపెట్టాడు. పెట్టె నడుముకి కట్టుకున్నాడు కానీ స్విచ్చి వెయ్యలేదు. ఎర్రమ్మ భుజం పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ, ఇసుకలోకి నడిచాడు.

“ఇంట్లోనే వేసుకోవచ్చు కదా?”

“పద్నాలుగు గంటలే గదమ్మా బ్యాటరీ. ఇక్కడ నడిసేదానికి నా భుజం ఉంది. సముద్రంలో ఎవరి భుజం ఉంది?” అంది ఎర్రమ్మ.

పడవ దగ్గరికి వచ్చాక దానయ్య ఆవిడ భుజం వదిలేశాడు. రెండు చేతులతో పడవ ముక్కుని పట్టుకుని, నడుం వంచి, నుదురు చెక్కకి ఆనించాడు. చుట్టూ చూశాను. పక్క పడవల దగ్గర కూడా ఎవరి పడవకి వాళ్ళు అలాగే మొక్కుతున్నారు. అక్కడ అందరూ అలాగే చేస్తారట. మిగతావాళ్ళు ఒక్క క్షణం ఆనించి తీసేశారు. దానయ్య మాత్రం అలాగే ఉండి నడుము దగ్గర తడుముకుని స్విచ్చి వేశాడు. కాసేపు కదలకుండా ఉండి, ఆ తర్వాత తల ఎత్తి, తిన్నగా నిలబడ్డాడు.

“ప్రతిసారీ ఇలాగేనా?”

“ఇలగే అమ్మా. కదలకుండా ఉండమని మీరే గదా సెప్పినారు? ఒట్టిగ నిలబడితే పడిపోతాను. పడవైతే కదలదు.” కొంచెం ఆగి, మొహమాటంగా అన్నాడు. “లోకం కుదురుకున్నప్పుడు మొదట పడవే తగలాల. అది నాకు బాగుంతాది.”

తల నలభై డిగ్రీలు ముందుకి వంచి ఉన్నప్పుడు స్విచ్చి పడుతోంది. ఆ వాలునే ‘తిన్నగా’ అని ఎక్కడో ఏదో భాగం అనుకుంటే? ఆ తర్వాత మనిషి నిజంగా తిన్నగా నిలబడితే, నువ్వు వెనక్కి ఒరిగిపోతున్నావని అది చెవిలో చెబుతుంది. అలా చెబితే ఒళ్ళు తనంతట తానే ముందుకి తూలుతుంది. ముందు పళ్ళు ఊడతాయి.

కానీ కొలిచే భాగం నిమిషంలోనే సరైన అంకె పట్టేస్తోంది కదా. ఒడ్డు మీద ఆయన చక్కగా నడుస్తున్నాడు కదా. సగమే దొరికింది నాకు.

సగం దొరికితేనే గొప్ప అనుకుని, అక్కడే వైద్యం చెప్పేశాను. “దానయ్య గారూ, స్విచ్చి వేసేటప్పుడు తల ఎత్తండి. అంతే, ఇంకేం అక్కర్లేదు.”

“అలగే అమ్మా,” అన్నాడాయన వెంటనే. ఆ మనిషి దేనికీ ఎదురు చెప్పడు.

పక్కనే పడవ అంచున పోలయ్య కూర్చుని ఉన్నాడు, చెయ్యి మెడకి కట్టుకుని. ఎదురు చెప్పే పని ఆయన తీసుకున్నాడు.

“మరి నడి సముద్రంలో బ్యాటరీ మార్సినప్పుడు ఏటి సేత్తాడమ్మా? నీళ్ళు పడిపోకుండా పెట్టె మీదకి ఒంగోని మార్సుతాడు బావ. పడవ ఊగతా ఉంతాది. అప్పుడు తల ఎత్తీ, దించీ అని ఎవడు కొలిసి సూత్తాడు? నా భుజం ఇరిగిన రోజు బ్యాటరీ మార్సిన ఎంటనే పడ్డాడు.”

“ఈ మాట నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడిగితే గదా.”

బస్సెక్కి వచ్చేశాను.

*

మా ల్యాబులో మోటారు కాళ్ళతో నడిచే మనిషంత బొమ్మ ఒకటుంది. చెవుల వెనక పరికరాలు పెట్టి, ఊగే బల్ల మీద నిలబెట్టి పరీక్షిస్తాం. దానికి అందరూ పెట్టిన పేరు బావగారు. ఎప్పుడూ స్విచ్చి వేసే ముందు బావగారిని నిటారుగా నిలబెట్టి, కాలరు సర్ది మరీ వేస్తాం. అల్లుడి మర్యాదలన్నమాట. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఈసారి బావగారి తల పట్టుకుని ముందుకి వంచి స్విచ్చి వేశాను. ఆ తర్వాత నిటారుగా నిలబెట్టి రెండు నిమిషాలు ఆగాను. తెర మీద కొలత సరిగ్గానే ఉంది. నడిపించాను, నడిచాడు. బల్ల ఊపాను.

బావగారు బోర్లా పడ్డారు. ముక్కు ఊడి అవతల గోడ దగ్గర తేలింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ బోర్లా. తల ఎడమకి వంచి వేశాను, ఎడమకే పడ్డాడు. కుడికి వంచి వేస్తే కుడికే పడ్డాడు. నాకు అంత సంతోషం ఈమధ్య కాలంలో ఎప్పుడూ కలగలేదు. తప్పు దొరకబోతోందంటే ఆ సంతోషమే వేరు, అది నాదే అయినా సరే.

ప్రోగ్రాం తెరిచి, ఊగుడు భాగంలోకి వెళ్ళాను. ఆ భాగం ఒడ్డు మీద నిద్రపోతుంది. కాళ్ళ కింద నేల ఊగడం మొదలైతేనే లేచి పని అందుకుంటుంది. మొదటి పేజీలో, పైనుంచి నాలుగో లైను. మూడేళ్ళ కిందట నేను రాసిందే. ప్రోగ్రాం మొదలవుతూండగానే, కొలిచే భాగం దగ్గరున్న, ఇంకా సరిదిద్దుకోని ‘కింద’ అనే అంకెని తెచ్చుకుని తన దగ్గర పెట్టుకుంటోంది. ఆ తర్వాత మళ్ళీ అడగడం లేదు. మాటిమాటికీ అడిగితే ఆలస్యమవుతుందని అప్పట్లో నేను చూపించిన తెలివి అది. లైను పక్కన ‘ఇలా చేస్తే వేగం’ అని గర్వంగా రాసుకున్నాను కూడా.

డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. ముక్కు లేని బావగారిని ఆయన కింది నుంచి పైదాకా చూశారు.

“పొద్దున్నే గోడ గడియారం చూసి టైము అరచేతి మీద రాసుకున్న మనిషున్నాడనుకోండి సార్,” అన్నాను. “మధ్యాహ్నం టైమెంతని ఎవరైనా అడిగితే, అరచెయ్యి చూసుకుని చెబుతున్నాడు. గోడ మీద గడియారం సరిగ్గానే తిరుగుతోంది. నేను ఇన్నాళ్ళూ ఆ గడియారాన్నే పరీక్షించి, టైము తప్పలేదని సంతకాలు పెట్టాను.”

“నడిచే భాగం?”

“అది అడుగడుగుకీ గడియారం వైపే చూస్తుంది. అందుకే ఒడ్డు మీద తేడా లేదు.”

“దిద్దడానికి ఎంతసేపు?”

“దిద్దేశాను. రాసుకున్నది తీసేసి, కావలసినప్పుడల్లా వెళ్ళి అడగమన్నాను. ఇంకో మూడు చోట్ల కూడా ఇదే తెలివి చూపించాను, అవీ తీసేశాను. భయపడ్డంత ఆలస్యం ఏమీ లేదు. కంటి రెప్ప వెయ్యడంలో వెయ్యో వంతు కూడా కాదు.”

ఆయన సంతోషిస్తారనుకున్నాను. కుర్చీ లాక్కుని బరువుగా కూర్చున్నారు.

“కమిటీ అనుమతి ఇచ్చింది పాత ప్రోగ్రాంకి. ఒక్క లైను మార్చినా మళ్ళీ మొదటినుంచి. పదమూడు మందికీ పరికరం ఆపాలి. వాళ్ళు ఎన్ని వారాలు మంచం పట్టాలో తెలుసా నీకు? పన్నెండు మందికి ఏ ఇబ్బందీ లేదు. దానయ్య ఒక్కడికి సముద్రం వద్దందాం. మిగతా అందరికీ తిన్నగా నిలబడి స్విచ్చి వెయ్యమని ఒక కాయితం పంపుదాం.”

ఆయన చెడ్డవాడు కాదు. నాలుగు వందల మంది పేర్లూ ఆయనకి కంఠతా వచ్చు. నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం నాకూ ఆ దారి నచ్చింది. తప్పు బయటపడదు, నా పేరు చెడదు, ఎవరికీ ఏమీ తెలియదు. అంతలో పన్నెండు మందిలో ఒకావిడ గుర్తొచ్చింది.

“సార్, శకుంతల టీచరు వారం వారం రైల్లో విజయవాడ వెళ్తారు కదా, కూతురి దగ్గరికి? రైల్లో లేవగానే ఎలా వేసుకుంటారు స్విచ్చి?”

“బెర్తు మీదే...” అని ఆగిపోయారు.

“పడుకునే వేసుకుంటారు. ఇంట్లో పడుకుని వేసుకున్నా ఏమీ కాదు, ఇల్లు ఊగదు. రైలు మామూలుగా పోయినంతసేపూ ఊగుడు భాగం లేవదు. పట్టాలు మారేచోట పెద్ద ఊపు తగిలితే లేస్తుంది. లేచి, వెల్లకిలా పడుకోవడమే తిన్నగా ఉండడమనుకుంటుంది. నిలబడ్డ మనిషిని వెనక్కి పడేస్తుంది.”

డాక్టరుగారు అప్పటికప్పుడే ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, నంబరు నొక్కారు.

“అమ్మా, సన్యాసిరావుని. రైల్లో ఎప్పుడైనా తూలారా మీరు?”

“అయ్యో, మీకెవరు చెప్పారు బాబూ?” అంది అవతలి గొంతు. “మొన్న శుక్రవారం దిగడానికి తలుపు దగ్గర నిలబడితే, ఎవరో వెనకనుంచి గుంజినట్టు వెల్లకిలా పడ్డాను. వెనకాల ఒకాయన ఉండబట్టి సరిపోయింది. నీరసమేమో అనుకున్నాను. ఇంత చిన్న విషయానికి మిమ్మల్ని విసిగించడమెందుకని చెప్పలేదు.”

ఆవిడ తలుపు వైపు మొహం పెట్టి నిలబడింది కాబట్టి లోపలికి పడింది. అదే తలుపుకి వీపు పెట్టి నిలబడి ఉంటే బయటికి పడేది.

డాక్టరుగారు ఆవిడతో ఇంకా రెండు మాటలు నెమ్మదిగా మాట్లాడి, పరికరం సరిచేసేదాకా రైలెక్కొద్దని చెప్పి, ఫోన్ పెట్టేశారు. బావగారి ముక్కు తీసుకుని చేతిలో తిప్పారు.

“కాయితం నువ్వు రాస్తావా, నేను రాయనా?” అన్నారు.

“నేనే రాస్తాను సార్. చెయ్యి తిరిగింది కదా.”

నాలుగో కాయితం రెండు లైన్లు. తప్పు ప్రోగ్రాంలోనిది, రాసింది నేను. మూడు కాయితాల్లో నేను వాడినవారి మీద మోపిందంతా అబద్ధం, వెనక్కి తీసుకుంటున్నాను. సంతకం పెట్టేశాను. అంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే మొదటే పెట్టేదాన్ని.

*

కమిటీ మమ్మల్ని చెడామడా తిట్టి, ఆ తర్వాత న్యాయంగానే మాట్లాడింది. పదమూడు పరికరాలూ ఆపాలి. బావగారి మీద వెయ్యి రకాలుగా పరీక్షించి చూపించాలి. ఆ తర్వాత మనుషుల మీద. సముద్రం మీద మొదటి పరీక్షకి, ప్రోగ్రాం రాసిన మనిషి కూడా పడవలో ఉండాలి. ఆ చివరి షరతు వింటూనే డాక్టరుగారు నా మొహం చూశారు. నాకు ఈత రాదు.

“వెళ్తాను,” అన్నాను.

ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ పదమూడు ఇళ్ళలో ఏం జరిగిందో కాయితాల మీద రాయలేం. శకుంతల టీచరు గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తూ, పొయ్యి మీద గిన్నె కాలి మీద పడేసుకుంది. మరొకాయన, ఒకసారి నేల ఇచ్చి మళ్ళీ లాక్కునే హక్కు మీకెవరిచ్చారని ల్యాబుకి ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ ఫోన్ ఎత్తింది నేనే. క్షమించమన్నాను. ఆయన క్షమించలేదు. క్షమించాల్సిన అవసరమూ లేదు.

వారానికోసారి ముత్యాలరేవు వెళ్ళేదాన్ని. అప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. దానయ్య గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని వలకి ముళ్ళు వేస్తూ ఉండేవాడు. తల కదపకుండా, చేతులు మాత్రమే కదుపుతూ.

“నా మీద కోపం లేదా మీకు?” అని ఒకరోజు అడిగేశాను.

“ఎందుకుండదమ్మా, ఉంది,” అన్నాడు, వల మీంచి చూపు తిప్పకుండా. “మూడుపాలు పడితే మూడుపాలూ నాదే తప్పన్నారు. నానూ అదే అనుకున్నాను. ముసిలోడినైపోయాను, సముద్రం నన్ను ఒగ్గీసింది అనుకున్నాను. రాత్రుళ్ళు దీనికి తెలీకుండా ఏడిసేవోణ్ణి.”

“నాకు తెలుసు,” అంది ఎర్రమ్మ లోపల్నుంచి.

“పళ్ళు పోతే పోనాయి,” అన్నాడు దానయ్య. “తప్పు నాది కాదని మీరు రాసినారంట గదా? పోలిగాడు సెప్పినాడు. అది సాలమ్మా. అది తెలిసినకాడినించి నిద్ర పడతాంది.”

ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

నిషేధం ముగిసిన మర్నాడే సముద్రం మీద పరీక్ష పెట్టాం. ఊరంతా ఒడ్డుకి వచ్చింది. నాకు లైఫ్ జాకెట్ రెండు చోట్ల ముడేసి, ఎర్రమ్మ మూడో ముడి కూడా వేసింది. నా ఒళ్ళో చిన్న తెర ఉంది. దాంట్లో దానయ్య పెట్టెలోని అంకెలన్నీ కనిపిస్తాయి. ఈసారి గడియారం ఒక్కటే కాదు, ఊగుడు భాగం వాడుకుంటున్న అంకె కూడా.

“దానయ్య గారూ, స్విచ్చి మీకు అలవాటైనట్టే వెయ్యండి. నిటారుగా నిలబడొద్దు,” అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఎర్రమ్మ భుజం వదిలి, పడవ ముక్కు పట్టుకుని, వంగి, నుదురు ఆనించాడు. చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. తెర మీద అంకె పడింది, నలభై ఒకటి. తల ఎత్తాడు. అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గర నిలిచింది. పక్కనే ఊగుడు భాగం అంకె. అదీ సున్నా.

పడవని నీళ్ళలోకి తోశారు. మొదటి కెరటానికే నా కడుపు నోట్లోకి వచ్చింది. రెండో కెరటానికి బయటికే వచ్చింది. పడవలో ఉన్న నలుగురూ మర్యాదగా అటు తిరిగారు. మూడో కెరటం దాటాక నీళ్ళు కాస్త సర్దుకున్నాయి. పోలయ్య ఇంజను దగ్గర ఉన్నాడు, భుజం అతుక్కుంది కానీ చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదు. పడవ లోపలికి పోతోంది.

దానయ్య పడవ ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. లేవమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. లేవాల్సింది ఆయన.

ఒక కాలు మోపాడు. రెండో కాలు మోపాడు. చేతులు చెక్క మీంచి తీశాడు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి పెద్ద అల వచ్చి పడవని ఎత్తి, పక్కకి ఒరిగించింది. పోలయ్య ఇంజను వదిలేసి సగం లేచాడు. నా తెర మీద రెండు అంకెలూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. దానయ్య ఒళ్ళు అలతో పాటు ఆ పక్కకి వాలి, అలతో పాటే ఈ పక్కకి వచ్చి, తిన్నగా నిలబడింది. ముందుకి ఒక్క అంగుళం కూడా తూలలేదు.

ఇంకో అల. ఇంకోటి. తెర మూసి సంచిలో పెట్టేశాను. ఇక చూడాల్సింది అందులో లేదు.

బ్యాటరీ కూడా మార్చమన్నాను. పెట్టె మీదికి వంగి, ఊగే పడవలోనే మార్చుకుని, స్విచ్చి వేసి, ఈసారి ఎవరి వైపూ చూడకుండా లేచి నిలబడ్డాడు.

ఒడ్డు సన్నటి గీతలా మిగిలింది. పోలయ్య ఇంజను తగ్గించాడు. వలలు సిద్ధంగా ఉన్నాయి. రెండేళ్ళుగా ఎటు వెళ్ళాలో పోలయ్యే చూసుకుంటున్నాడు. సగం రోజులు ఖాళీగానే తిరిగొస్తున్నారని ఎర్రమ్మ చెప్పింది. పడవలో మిగతావాళ్ళు పోలయ్య వైపు చూశారు. పోలయ్య మాత్రం పడవ ముక్కు వైపు చూశాడు.

“బావా, ఏటంతావు?”

దానయ్య వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు.

“తొందరేటిరా? ఉండు, సూడనీ,” అన్నాడు.

పోలయ్య ఇంజను పూర్తిగా ఆపేశాడు. దానయ్య నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు. మేమందరం ఆయన చెప్పేదాకా ఆగాం.